వాసన ఆగిన చోట

గెరార్దా మా ఊరికి కోడలిగా వచ్చినప్పుడు ఆడవాళ్లందరం ఒకటే నవ్వుకున్నాం, కంపులో పుట్టి కంపులోకే కాపురానికి వచ్చిందని. ఆమె పుట్టిల్లు కొండల మీద, మెఫీతె అనే లోయ పక్కన ఒక పల్లె. ఆ లోయలో బూడిదరంగు బురదనీళ్లు కింద మంట లేకుండానే కుతకుతమంటుంటాయి. గాలి ఇటు మళ్లిందంటే కుళ్లిన కోడిగుడ్ల వాసన పక్క ఊళ్లదాకా కొడుతుంది. మాది తోళ్ల ఊరు. ఏటి ఒడ్డున వరసగా తోళ్ల ఫ్యాక్టరీలే. ఏరు ఒక రోజు తెల్లగా, ఒక రోజు నీలంగా పారేది. వాసన మాత్రం మారేది కాదు.

పెళ్లయిన మర్నాడు భోజనాల దగ్గర అత్తగారు ఇంకొరొనాతా అడిగింది.

"ఏం పిల్లా, ముక్కు మూసుకోవేం? బయటనుంచి వచ్చినవాళ్లంతా మొదటి వారం మూసుకునే తింటారు."

"మా ఊరి వాసనేగా అత్తయ్యా. పుట్టింటి బెంగ కూడా ఉండదు నాకు."

ఇంకొరొనాతా అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదు. ఆ రోజు నవ్వింది.

వాళ్లింటి కింది వాటాలో మేం అద్దెకుండేవాళ్లం. తోళ్లు ఆరబెట్టే షెడ్డులో నేనూ గెరార్దా ఒకే బల్ల దగ్గర పనిచేశాం. తడి తోలును బల్ల మీద పరిచి, నాలుగు వైపులా లాగి, అంచులకు మేకులు కొట్టడం మా పని. చేతులు మేకుల మీద ఉంటే నోరు ఖాళీగానే ఉంటుంది కదా. అందుకే ఆమె సంగతులు కొన్ని నేను చూసినవి, కొన్ని ఆ బల్ల దగ్గర ఆమె చెప్పినవి.

వాళ్ల నాన్న రొక్కో గొర్రెల కాపరి. గజ్జి పట్టిన గొర్రెలకు మెఫీతె బురద పూస్తే తగ్గుతుందని ఎక్కడెక్కడి వాళ్లో మందలు తోలుకొచ్చేవాళ్లు. ఆ బురద ఎప్పుడు తేవాలో, ఏ వైపునుంచి దిగాలో రొక్కోకి తెలుసు. గాలి బాగా వీచే రోజునే దిగేవాడు. గాలి పడిపోయిన రోజున ఆ లోయ అంచుకి కూడా ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. అక్కడి గుంటల్లో చచ్చిన పిట్టలు, నక్కలు, ఒకోసారి కుందేళ్లు పడి ఉండేవి. ఒంటి మీద ఒక్క గాయం ఉండేది కాదు.

గెరార్దా చిన్నప్పుడు ఒక గొర్రెపిల్ల తప్పించుకుని లోయలోకి దిగింది. దాని వెనకే వాళ్ల కుక్క పరిగెత్తింది. గొర్రెపిల్ల గుంటలో మోకాళ్ల మీద కూలబడింది. కుక్క దాని మెడ పట్టుకుని లాగబోయి, అక్కడే పక్కకి ఒరిగిపోయింది. రొక్కో ఆ కుక్కను బిడ్డలా పెంచాడు. అయినా దిగలేదు. అంచున కూర్చుని, కూతురి జుట్టు పిడికిట్లో బిగించి పట్టుకుని, గట్టిగా ఏడ్చాడు.

"పో నాన్నా, తీసుకురా, ఇక్కడే ఉందిగా," అని గెరార్దా గింజుకుందట.

"ఇక్కడే ఉందని పోయినవాళ్లే అమ్మా అక్కడ ఉన్నది," అన్నాడట. తర్వాత ఇంటికి నడుస్తూ చెప్పాడట: "వాసన వస్తోందంటే నీ ముక్కు పనిచేస్తోందన్నమాట. అంతవరకూ భయం లేదు. ఉన్నట్టుండి వాసన ఆగిపోయిందనుకో, గాలి బాగుపడిందనుకోకు. వచ్చిన దారినే పరిగెత్తు. వెనక్కి చూడకు."

ఈ మాట నాకు చెప్పినప్పుడు ఆమె నవ్వుతూనే చెప్పింది. మా షెడ్డులో అలాంటి భయం ఎవరికీ లేదు. మాకు ఆ వాసనంటే పని దొరికినట్టు. ఫ్యాక్టరీలు మూసి వాసన తగ్గిన రోజుల్లోనే మా ఊళ్లో ముఖాలు వాడిపోయేవి.

మొదెస్తీనో, అంటే గెరార్దా భర్త, సున్నం షెడ్డులో పనిచేసేవాడు. అతని తమ్ముడు సబాతో కూడా అక్కడే. ఉప్పు పట్టించిన పచ్చితోళ్లు వెంట్రుకలతో సహా వచ్చేవి. వాటిని గదంత చెక్కపీపాల్లో వేసి, సున్నమూ సల్ఫైడ్ అనే రసాయనమూ కలిపిన నీళ్లు పోసి తిప్పేవాళ్లు. వెంట్రుకలు జావలా కరిగిపోయేవి. అన్నదమ్ములిద్దరి కళ్లూ ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. రాత్రి దీపం చుట్టూ రంగురంగుల వలయాలు కనిపిస్తాయని మొదెస్తీనో అనేవాడు. తలుపులకు తెల్లరంగు వేస్తే ఏడాది తిరక్కుండా గోధుమరంగుకి వచ్చేసేది. చర్చిలో వెండి కొవ్వొత్తి స్టాండ్లు తోమినవి తోమినట్టు నల్లబడేవి. వాటిని తోమే వంతు వచ్చినప్పుడల్లా ఇంకొరొనాతా దేవుణ్ణి కూడా రెండు తిట్లు తిట్టేది.

మొదెస్తీనోకి పెళ్లాన్ని నవ్వించడమంటే సరదా. ఒక ఈస్టరుకి ఉడికించిన గుడ్డు ఒలిచి, సగానికి కోసి, పచ్చసొన చుట్టూ ఉన్న ఆకుపచ్చ వలయం చూపించాడు.

"చూశావా గెరార్దా, మన ఫ్యాక్టరీ కోడి కడుపులోకి కూడా పోయింది."

"నువ్వు ముట్టుకున్నావుగా, అందుకే. నా గుడ్డు చూడు, బంగారంలా ఉంది."

కోస్తే ఆమెదీ అలాగే ఉంది. ఆ రోజు సబాతో నవ్వి నవ్వి ఉక్కిరిబిక్కిరయ్యాడు. వదినంటే అతనికి అంత చనువు. పెళ్లి కాలేదింకా. తన చొక్కాలు అమ్మ ఉతికితే ఒప్పుకునేవాడు కాదు, వదినే ఉతకాలి.

మా ఊరిని కూల్చిన పెద్ద భూకంపానికి ఆరేళ్ల ముందు, మళ్లీ ఈస్టర్ వారంలోనే, అది జరిగింది.

పండగకి ఫ్యాక్టరీ మూస్తారు కాబట్టి పీపాలన్నీ ఖాళీ చేసి కడగమని యజమాని చెప్పి వెళ్లాడు. మామూలుగా సున్నం షెడ్డు నీళ్లు ఒక రోజు వదిలితే, అవతలి షెడ్డులో తోళ్లు ఊరబెట్టిన ఉప్పూ యాసిడ్ నీళ్లు ఇంకో రోజు వదిలేవాళ్లు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. ముందునుంచీ అలాగే జరిగేది. రెండు షెడ్లకూ కాలువ ఒకటే. అది నేల కింద లోతైన మురుగు గుంటలో పడి, అక్కణ్ణుంచి గొట్టంలో ఏటికి పోయేది. ఆ రోజు గుంటలో వెంట్రుకలూ కొవ్వూ సున్నపు బురదా పేరుకుని గొట్టం పూడుకుపోయింది. నీళ్లు దిగడం లేదు.

మేస్త్రీ పెల్లెగ్రీనోకి తొందర. "ఒకడు దిగి పొడవండ్రా, సాయంత్రానికల్లా తాళం వెయ్యాలి," అన్నాడు. చిరియాకో అనే పాత పనివాడు ఇనుపకడ్డీ పట్టుకుని నిచ్చెన దిగాడు. అతను ఇంతకు ముందూ దిగినవాడే. అదే సమయానికి అవతలి షెడ్డువాళ్లు, ఇక్కడ మనిషి దిగాడని తెలియక, యాసిడ్ పీపా మూత తీశారు. పెల్లెగ్రీనో వాళ్లకూ ఖాళీ చెయ్యమనే చెప్పాడు. ఇక్కడ ఆపమని చెప్పడం మరిచాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ. నేనూ గెరార్దా పై షెడ్డునుంచి మెట్లు దిగుతున్నాం. ఆమె చేతిలో రొట్టె, బీన్స్ గిన్నె ఉన్నాయి. మెట్ల మీదే వాసన గుప్పుమంది. రోజూ ఉండేదే, కాకపోతే బాగా ఎక్కువ.

"అబ్బ, ఇవాళ మీవాళ్లు ఏం వండుతున్నారక్కా!" అన్నాను.

సున్నం షెడ్డు తలుపు దాటాం. లోపల కేకలు వినిపించాయి. గుంట చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. మొదెస్తీనో అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టాడు. చిరియాకో అడుగున బురదలో బోర్లా పడి ఉన్నాడు. కాలు జారి పడ్డాడనుకున్నారు.

గెరార్దా ముందుకి నడిచి ఉన్నట్టుండి ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

"లిబెరా, నీకు వాసన వస్తోందా?"

లేదు. నాకు వాసన రావడం లేదు. ఎప్పుడు ఆగిందో కూడా నేను గమనించలేదు.

ఆమె చేతిలో గిన్నె కింద పడేసింది. "మొదెస్తీ! దిగకు! పైకి రా, పైకి రా!" అని అరిచింది. అంత గొంతు ఆమెకుందని నాకు తెలియదు.

మొదెస్తీనో తలెత్తి చూశాడు. "ఊరికే అరవకే. ఊపిరి బిగబట్టుకుని వాణ్ణి అందుకుంటాను, అంతే," అన్నాడు. దిగాడు. చిరియాకో చంకల కింద చేతులు వేసి లేపాడు. లేపాడని నేను ప్రమాణం చేసి చెప్పగలను, అంత బరువైన మనిషిని సగం దాకా లేపాడు. బరువెత్తినవాడు ఊపిరి తీసుకోకుండా ఎలా ఉంటాడు? తీసుకున్నాడు. చేతులు వదులైపోయాయి. ఇద్దరూ కలిసి పడ్డారు. శబ్దం కూడా పెద్దగా రాలేదు.

అప్పుడు సబాతో ఏటి వైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. గుంటలోకి చూశాడు. "అన్నా!" అన్నాడు. గెరార్దా అతనికి అడ్డంగా పడింది.

ఆమె సన్నటి మనిషి. సబాతో తడితోళ్ల కట్టను ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. రెండు చేతులతో అతని నడుం చుట్టేసి, కాలికి కాలు మెలేసి, ఇద్దరూ కింద పడేలా చేసింది. అతను జుట్టు పట్టుకుని లాగాడు. మోచేత్తో మొహం మీద కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. అతని ముంజేతిని పళ్లతో పట్టుకుంది.

"వదులు వదినా! మా అన్న అక్కడ... ఒసేయ్ వదలవే! నీ మొగుడే!"

"లిబెరా, కాళ్లు పట్టుకో! అందరూ పట్టుకోండి వీణ్ణి! ఎవరూ దిగొద్దు! తలుపులు తెరవండి, అన్నీ! ఆ యాసిడ్ ఆపండి!"

నేను అతని కాళ్ల మీద కూర్చున్నాను. ఇంకిద్దరు వచ్చి భుజాలు నేలకి అదిమారు. పెల్లెగ్రీనో తెల్లమొహం వేసుకుని అవతలి షెడ్డుకి పరిగెత్తాడు. కొక్కేలూ తాళ్లూ వేసి లాగబోతే చొక్కాలు చిరిగాయి, అంతే. అవెల్లీనో పట్నం నుంచి అగ్నిమాపకం వాళ్లు మాస్కులు తొడుక్కుని వచ్చేదాకా మేమలాగే సబాతోని నేలకి అదిమి పట్టుకున్నాం. కొంతసేపటికి అతను గింజుకోవడం మానేశాడు. అతని మీద పడుకున్న గెరార్దా మాత్రం పట్టు వదల్లేదు. గుంట వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

మొదెస్తీనోనీ చిరియాకోనీ పైకి తెచ్చేసరికి చేయగలిగిందేమీ లేదు. యజమాని తరఫువాళ్లు వెంటనే మాట పుట్టించారు: చిరియాకో తాగి ఉన్నాడు, మొదెస్తీనోది గుండెపోటు అని. శవాలను చూసిన ప్రభుత్వ డాక్టరు ముసలివాడు, తోళ్ల ఊళ్లు ఎరిగినవాడు. మొదెస్తీనో మెడలో పునీత జెరార్దో బొమ్మ ఉన్న వెండి బిళ్ల ఉండేది, పెళ్లికి గెరార్దా ఇచ్చింది. అది బొగ్గులా నల్లగా మారింది. డాక్టరు దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని మేస్త్రీ వైపు చూసి, "గుండెపోటుకి వెండి నల్లబడదయ్యా," అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

శవం ఇంట్లో ఉండగా ఇంకొరొనాతా ఏడవలేదు. గెరార్దా వాచిన మొహంతో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఊరి ఆడవాళ్లందరూ వింటుండగా అత్తగారు కోడలి ఎదురుగా కుర్చీ వేసుకుంది.

"ఇద్దరు కొడుకులు నాకు. ఒకణ్ణి నేలకేసి పట్టుకునే బలం ఉన్నదానివి. రెండోవాణ్ణి ఎందుకు పట్టుకోలేదే?"

సబాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతికి కట్టు.

"నన్ను వదిలి ఉంటే ఇద్దరం బయటికొచ్చేవాళ్లం వదినా," అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే కాదు, ఆమె ఉన్న గదిలో ఉండేవాడు కాదు. తోళ్ల పని మానేసి రాళ్ల క్వారీలో చేరాడు. మరో పేటలో గది తీసుకున్నాడు.

ఊరు కూడా ఊరుకుంటుందా? మరిదిని అంత గట్టిగా వాటేసుకుందంటే ఏముందో అని బావి దగ్గర నవ్వినవాళ్లున్నారు. ఒకామెతో నేను జుట్టు పట్టుకుని కొట్లాడాను. ఆమె మళ్లీ ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు, మంచిదే.

కోర్టు కేసు నడిచింది. నేపుల్స్ నుంచి రసాయన పరీక్షలు చేసే ఒకామె వచ్చింది, పేరు ఎల్వీరా. గుంటలోంచి సీసాల్లో బురద తీసుకుంది. ఒక మధ్యాహ్నం గెరార్దాను ప్రశ్నలడగడానికి ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఇంకొరొనాతా పొయ్యి దగ్గర, మా వైపు వీపు పెట్టి, చిక్కుళ్లు ఒలుస్తోంది.

అడగాల్సినవి అడిగాక గెరార్దా అడిగింది. "అసలు అదేమిటి మేడమ్? మా ఊళ్లో నేలలోంచి వస్తుంది. ఇక్కడ నీళ్లలోంచి. కుళ్లిన గుడ్డులోంచీ అదే వాసన."

ఎల్వీరా విడమరిచి చెప్పింది. "అన్నిట్లోనూ గంధకమే అమ్మా. వెంట్రుకలో ఉంది, గుడ్డు తెల్లసొనలో ఉంది, మీ కొండ కడుపులోనూ ఉంది. గాలి తగలని చోట ఏదైనా కుళ్లితే, అక్కడి కంటికి కనపడని పురుగులు ఆ గంధకాన్ని గ్యాసుగా వదులుతాయి. గుడ్డు ఎక్కువసేపు ఉడికిస్తే సొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుందే, అదీ ఈ గ్యాసు పనే. కాస్తంతే కాబట్టి ఏమీ కాదు. ఇక సున్నం నీళ్లలో సల్ఫైడ్ ఉంది చూశారూ, సున్నం ఉన్నంతసేపూ అది నీళ్లలో అణిగి ఉంటుంది. యాసిడ్ కలిస్తే సున్నం బలం పోతుంది. అణిగి ఉన్నదంతా ఒక్కసారి గ్యాసై లేస్తుంది. మామూలు గాలి కంటే బరువు, గుంటలో నిలబడిపోతుంది."

"మరి వాసన?"

"మొదట ముక్కునే పడగొడుతుంది. కొంచెం ఉంటే గుడ్ల వాసన. బాగా ఉంటే వాసన తెలిసే నరం మొద్దుబారుతుంది. ఏ వాసనా ఉండదు. ఇంకా ఎక్కువైతే మెదడులో ఊపిరి నడిపించే చోటే ఆగిపోతుంది."

గెరార్దా బల్ల మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. "ఆయన బాధపడ్డాడా?"

"ఒకటి రెండు ఊపిర్లు. బాధపడే సమయం లేదు."

"మా సబాతో దిగి ఉంటే?"

"మూడో శవం అయ్యేవాడు."

"ఆ మాట మా అత్తకి చెప్పండి."

ఎల్వీరా పొయ్యి వైపు తిరిగి గొంతు పెంచి మళ్లీ చెప్పింది. ఇంకొరొనాతా చిక్కుళ్లు ఒలవడం ఆపలేదు.

"చదువుకున్నదానివి. నీకు పిల్లలున్నారా?"

"లేరమ్మా."

"అయితే నీకు తెలీదు."

తీర్పు వచ్చింది. పెల్లెగ్రీనోకి శిక్ష వేసి, అమలు చేయకుండా వదిలేశారు. యజమానికి ఏమీ కాలేదు. పాత గుంటను కాంక్రీటుతో పూడ్చి, సున్నం నీళ్లకు ఒక గొట్టం, యాసిడ్ నీళ్లకు ఒక గొట్టం వేరువేరుగా వేశారు. ఆ పని కొన్ని రోజుల్లోనే అయిపోయింది. ఆ తవ్వకాలు చూస్తూ గెరార్దా నాతో అంది, "ఇంతేనా లిబెరా? ఇంత చిన్న పనా?"

ఆమె ఫ్యాక్టరీ మానలేదు. మానితే తినేదేముంది? అత్త ఇల్లూ వదల్లేదు. ఇద్దరూ ఒకే వంటగదిలో, ఒకే బల్ల దగ్గర, అవసరమైన మాటలు మాట్లాడుకుంటూ బతికారు. సబాతో తల్లిని చూడ్డానికి వచ్చినప్పుడు గెరార్దా బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకునేది. చలికాలమైనా అంతే. ఒకసారి నేను కింద నుంచి చూసి, "మా ఇంట్లోకి రా అక్కా," అంటే వద్దంది. అతను వెళ్లేటప్పుడు వెనకనుంచైనా చూడాలని ఆమె అక్కడ నిలబడేది.

అతనికి పెళ్లయింది, మికెలీనా అనే అమ్మాయితో. పెళ్లికి గెరార్దాకి పిలుపు లేదు. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇంకొరొనాతాకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. గెరార్దా చేత్తో పెడితేనే తినేది, కొడుకు పెడితే నోరు తెరిచేది కాదు. అలాగని కోడలితో మంచిగా ఉందా అంటే లేదు. రోజూ అడిగే మాట ఒక్కటే: "సబాతో తిన్నాడా?" మొదెస్తీనో పేరు ఆ గోడల మధ్య వినపడలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి, మేకులు కొడుతూ కొడుతూ గెరార్దా సుత్తి పక్కన పెట్టింది.

"మెట్ల మీద వాసన గుప్పుమంది, గుర్తుందా? అప్పుడే పరిగెత్తి ఉండాల్సింది. వాసన వస్తోంది కాబట్టి భయం లేదనుకున్నాను. నాన్న అలాగే చెప్పాడు. అది ఆగేసరికి మొదెస్తీ నిచ్చెన మీదున్నాడు. ఇద్దరిలో ఎవర్ని పట్టుకోవాలని నేను ఎంచుకోలేదు లిబెరా. నా చేతికందినవాణ్ణి పట్టుకున్నాను."

మళ్లీ సుత్తి అందుకుంది. అప్పటికే ఆమె ముక్కు పూర్తిగా పోయింది. పాలు మాడినా తెలిసేది కాదు. నేను కింద నుంచి కేకేస్తే పరిగెత్తి పొయ్యి ఆపేది.

భూకంపం చలికాలం మొదట్లో ఒక ఆదివారం సాయంత్రం వచ్చింది. మా ఇంటి వెనక గోడ మొత్తం వీధిలోకి పడింది. గెరార్దా అత్తను దుప్పట్లో చుట్టి వీపు మీద వేసుకుని, సగం ఊడిపోయిన మెట్ల మీదుగా దిగింది. మా కుటుంబాన్ని ఫుట్‌బాల్ మైదానంలో ఒక డేరాలో వేశారు. ఇంకొరొనాతానూ గెరార్దానూ పక్క డేరాలో. తల్లి అక్కడుంది కాబట్టి సబాతో కుటుంబాన్నీ అందులోనే రాశారు. ఆ డేరాకి బాల్కనీ లేదు.

మంచు పడింది. బురద మీద చెక్కలు పరుచుకుని బతికాం. గెరార్దా ఆ పిల్లలిద్దరికీ సాక్సులు అల్లేది, మికెలీనా అత్తకి పక్క మార్చడంలో సాయం చేసేది. సబాతో పొద్దున్నే బయటికి పోయి, చీకటి పడ్డాక పడుకోవడానికి వచ్చేవాడు. ఇంకొరొనాతాకి ఛాతీలో నెమ్ము చేరింది. క్రిస్మస్ చూడలేదు. చనిపోయిన రోజు కూడా కోడలి చేత్తో రెండు చెంచాల పులుసు తాగి, ఎప్పటి మాటే అడిగింది. "తిన్నాడు అత్తయ్యా," అని గెరార్దా చెప్పింది.

పాతిపెట్టి వచ్చిన మర్నాడు, గెరార్దా తన సంచీ సర్దుకోసాగింది. అత్త పోయాక ఆ డేరాలో తనకేం పని అనుకుంది. మెఫీతె పల్లెలో తన అన్న ఇల్లు కూలింది గానీ పశువుల పాక మిగిలిందట. అక్కడికి పోతానంది. నేను సామాను పట్టుకోవడానికి వెళ్లాను. సబాతో పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు.

మికెలీనా పిల్లను చంకనేసుకుని గెరార్దా ముందు నిలబడింది. మికెలీనాకి మొగుడంటే భయం, అయినా నోరు విప్పింది.

"అక్కా, నేనొకటి చెప్పాలి. ఇన్నేళ్లూ ఈయనకి భయపడి చెప్పలేదు. ఆ రోజు మీరు పట్టుకోకపోతే నాకు మొగుడు లేడు. ఈ పిల్లలు లేరు. నేను రోజూ దణ్ణం పెట్టేటప్పుడు ముందు మీ పేరే తలుచుకుంటాను. ఇక కొడితే కొట్టనీ."

సబాతో లేచాడు. కొడతాడేమో అని నేను ముందుకి అడుగు వేశాను. అతను ఎవరివైపూ చూడకుండా డేరా గుడ్డ పైకెత్తి బయటికి పోయాడు. చాలాసేపటికి చేతుల నిండా కట్టెలతో వచ్చాడు. పొయ్యి పక్కన పడేశాడు.

"ఆ కొండ మీద మంచు నడుములోతు ఉంది," అన్నాడు, కట్టెలతో చెబుతున్నట్టు. "దారి లేదు. సంచీ విప్పమను."

"నాతోనే చెప్పొచ్చుగా సబాతో," అంది గెరార్దా.

ఒక కట్టె పొయ్యిలోకి తోశాడు. "విప్పు," అన్నాడు.

ఆమె విప్పింది. డేరా నుంచి రేకుల ఇళ్లకు మారినప్పుడు కూడా వాళ్లతోనే వెళ్లింది. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచాక పనిలోకి వచ్చింది, పింఛను వచ్చేదాకా చేసింది. పిల్లలు ఆమె దగ్గరే పెరిగారు. నేను ఆదివారాలు వెళ్లి చూసేదాన్ని. సబాతోకీ ఆమెకీ మధ్య మాటలు ఉండేవి: ఉప్పు ఇటివ్వు, తలుపు వెయ్యి, పిల్లాడికి జ్వరం తగ్గిందా. ఆ రోజు గురించి ఒక్క ముక్క లేదు. ఒకసారి అతను తాగి వచ్చి, భోజనాల మధ్యలో, "మా అన్న బరువు నాకు తెలుసు. నేను ఎత్తగలిగేవాణ్ణి," అన్నాడు. గెరార్దా లేచి అతనికి ఇంకొంచెం పులుసు వడ్డించి కూర్చుంది.

చివరి రెండేళ్లూ ఆమెకి ఊపిరి అందేది కాదు. ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు అన్నారు. సున్నమో, సల్ఫైడో, డేరాలో తగిలిన చలిగాలో, ఎవరూ తేల్చి చెప్పలేదు. పొద్దున్న కాఫీ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న మనిషి అలాగే పోయింది. మికెలీనా చూసేసరికి కప్పు ఇంకా వెచ్చగానే ఉంది.

శ్మశానం నుంచి తిరిగి వస్తూ సబాతో నా పక్కన నడిచాడు. అప్పటికి జుట్టంతా నెరిసింది. కొత్త వంతెన దగ్గర అడిగాడు.

"లిబెరా, ఆ రోజు నా కాళ్లు పట్టుకున్నది నువ్వే కదూ?"

"నేనే."

"నీ మీద నాకెప్పుడూ కోపం రాలేదు చూడు. విచిత్రం." జేబులో చేతులు పెట్టుకున్నాడు. "ఆవిడ మీద పోలేదు. ఇవాళ కూడా పోలేదు. మట్టి వేస్తున్నప్పుడు కూడా ఉంది. కానీ ఇప్పుడు ఇంటికెళ్తే ఆ కిటికీ దగ్గర ఆవిడ ఉండదని తలుచుకుంటే అడుగు పడట్లేదు."

మా ఇంటికి రమ్మన్నాను. వచ్చాడు. రొట్టె, జున్ను పెట్టాను. తిన్నాడు.